కోళ్ళగూటి వల

పోయిన వారం మన వలలక్కని ఎక్కడ వదిలిపెట్టామో గుర్తుంది కదా? రేవు పక్క రేకుల షెడ్డులో, మోకాళ్ళ మీద కూర్చుని, తడి వల ఒకటి ముందు పరుచుకుని! అది ఆషామాషీ వల కాదు. నాలుగేళ్ళుగా గాలం కూడా ముంచకూడదని రేవంతా కలిసి కట్టుబాటు చేసుకున్న పెద్ద మడుగులోంచి ఆ ఉదయమే కాపలాదారు పైకి లాగిన దొంగ వల. దాన్ని నీళ్ళ మీద తేల్చే బెండ్లు నీలం రంగువి. రేవు మొత్తం మీద నీలం బెండ్లు వాడేది ఒకే ఒక్కడు, వలలక్క సొంత తమ్ముడు తూటా. "మడుగు తెరవండి, మడుగు తెరవండి" అని మూడు నెలలుగా గొంతు చించుకుంటున్నదీ వాడే. ఇంకేం కావాలి? అందరి వేళ్ళూ వాడి వైపే తిరిగాయి. నేరం రుజువైతే పడవ మూడేళ్ళపాటు ఒడ్డెక్కి కూర్చోవాలి. వాడికి ఇంట్లో ఆరు నెలల కవల పిల్లలు.

ఆ రేవులో ఒక పద్ధతి ఉంది. ఏ వల మీద తగువొచ్చినా, దాన్ని చుట్టచుట్టి తెచ్చి వలలక్క ముందు పెడతారు. ఆవిడ విప్పేదాకా ఇంకెవరూ విప్పకూడదు. అక్కడున్న ప్రతి వలా ఆవిడ చేతిలో బాగుపడిందే కాబట్టి ఎవరి వలకి ఎక్కడ చిరుగుందో ఆవిడకి కంఠతా. సాయంత్రం సంఘం హాల్లో నిలబడి "ఇది ఫలానా వాళ్ళది" అంటుంది. ఇరవై ఏళ్ళుగా ఆ మాటే తీర్పు.

"దేవుడా, మావాడిది కాకుండా చూడు" అనుకుంటూ వలలక్క ఆ వల విప్పింది. విప్పగానే నడిమధ్యలో చెయ్యి దూరేంత కంత! చుట్టూ ఆకుపచ్చ దారంతో చక్కగా అంచు కుట్టి ఉంది. చేపల వలకి ఎవరైనా అంచు కుట్టిన కంత పెడతారా? ఆ కంత కోడిగుడ్లు తీసుకోవడానికి. ఆ అంచు కుట్టింది తనే. ఆ వల ఉండాల్సింది తన పెరట్లో, తన కోళ్ళగూటి మీద!

అదీ సంగతి. ఇక చూడండి.

షెడ్డు వెనకే ఇల్లు. ఆ నాలుగడుగుల దూరం కూడా వలలక్క నడవలేదు, పరిగెత్తింది. పెరటి తలుపు తోసి చూస్తే గూటి మీద వల లేదు. దాని బదులు తన పూల దుప్పటి పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టి ఉన్నాయి. పోయిన నెలే కొన్న కొత్త దుప్పటి! దాని మీద ఒక పుంజు ఎక్కి నిలబడి, చేయాల్సిన పనంతా చేసేసింది కూడా. పక్కనే ముక్కాలిపీట మీద సరంగు మావయ్య కూర్చుని, ఏమీ ఎరగనట్టు కోళ్ళకి నూకలు చల్లుతున్నారు.

సరంగు మావయ్య అంటే వలలక్క మావగారు. నలభై ఏళ్ళు పడవ నడిపిన మనిషి, ఇప్పుడు సంఘానికి పెద్ద. మడుగు మూయించింది ఆయనే. ఆయన కొడుకు, అంటే వలలక్క మొగుడు, దూరపు పడవ మీద వెళ్ళి పది రోజులైంది కాబట్టి ఇంట్లో ఉన్నది ఆ ఇద్దరే.

"మావయ్యా, గూటి మీద వల ఏది?"

"గాలికి లేచిపోయినట్టుంది అమ్మాయ్. అందుకే దుప్పటి కప్పాను."

"లేచిపోయి ఎక్కడ పడింది? మడుగులోనా?"

నూకలు చల్లే చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. కోళ్ళు మెడలు చాచి ఆ చెయ్యి వైపే చూస్తున్నాయి.

"మీరా!" వలలక్క గొంతు తనకే తెలియకుండా పైకి లేచింది. "మూయించింది మీరు, వల వేసిందీ మీరేనా? కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకోను?"

"అరవకు. అవతల వాళ్ళు వింటారు."

"వింటే విననీండి! నా తమ్ముణ్ణి పొద్దుట్నించీ దొంగని చూసినట్టు చూస్తున్నారు. ఆ నీలం బెండ్లు ఎక్కడివి?"

"చెత్తకుప్పలో దొరికాయే. పాతవి కదా, ఎవరివో ఏంటో అనుకున్నాను. నాకేం తెలుసు, నీలం రంగు వాడొక్కడే వాడతాడని!"

"నలభై ఏళ్ళు సరంగు చేశారు, రేవులో ఎవరి బెండు ఏ రంగో తెలీదా?"

"ఈ మధ్య నీలమూ ఆకుపచ్చా నాకు ఒకేలా కనబడుతున్నాయి అమ్మాయ్." ఆయన మెల్లగా అన్నారు. "అందుకే నువ్వు కుట్టిన కంత కూడా కనబడలేదు."

ఇంకో రోజైతే వలలక్క పడీ పడీ నవ్వేది. గుడ్ల కంత ఉన్న వలతో చేపల వేటకి వెళ్ళిన మొనగాడు లోకంలో ఇంకెవరున్నారు? కానీ ఆ పూట నవ్వు రాలేదు. ఆయన ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"ఎందుకు వేశారు, నిజం చెప్పండి."

"పట్టడానికి కాదే. ఉందో లేదో చూద్దామని."

"ఏది?"

"పసిడిరెక్క."

పసిడిరెక్కకి ఆ నది పెట్టింది పేరు. మోచేతంత పొడుగు, ఎండ పడితే రెక్కలు బంగారంలా మెరుస్తాయి. ఒకప్పుడు బుట్టలకి బుట్టలు పడేదట. పట్టి పట్టి, పిల్ల చేపల్ని కూడా వదలకుండా పట్టి, మొత్తం ఊడ్చేశారు. యాభై ఏళ్ళ పాటు దాని జాడే లేదు. నాలుగేళ్ళ కిందట ఒకరోజు సరంగు మావయ్య మడుగులో ఒక జంటని చూసి, ఒగరుస్తూ వచ్చి సంఘం మీటింగు పెట్టించి, మడుగు మూయించారు. అప్పటి నుంచీ ప్రతి ఏడూ వేట మొదలయ్యే రోజున రేవు మెట్ల మీద నిలబడి, "చూశాను, వీపు కనబడింది, ఇంకో ఏడాది ఆగండి" అని చెప్తారు. పడవలన్నీ బుద్ధిగా మడుగుని చుట్టి వెళ్ళిపోతాయి.

"ఉందో లేదో ఏంటి మావయ్యా? ఏటా చూస్తూనే ఉన్నారు కదా?"

ఆయన చేతిలో నూకలన్నీ ఒక్కసారే నేల మీద పోసేశారు.

"మొదటి ఏడు చూశాను. నీ మీద ఒట్టు, కళ్ళారా చూశాను. ఆ తర్వాత మూడేళ్ళ నుంచీ తోక కూడా చూడలేదు."

వలలక్క ఆయన మొహంలోకి తేరిపార చూసింది.

"ఏం చెయ్యమంటావు? గవర్నమెంటు వాళ్ళు అదే మడుగు దగ్గర ఎర్ర బోర్డు పెట్టారు, గుర్తుందా? వేట నిషేధం అని. వారం తిరక్కుండా ఆ బోర్డు ఊడబీకి ఎవడో పడవకి చెక్కగా కొట్టుకున్నాడు. కాగితం చెప్తే ఎవడూ వినలేదు. సరంగు చూశాడంటే విన్నారు. రెండో ఏడు చూడలేదంటే ఆ సాయంత్రానికే మడుగులో అరవై వలలు పడేవి. అందుకని చూశానన్నాను. ఒక్క ముక్క. వీపు చూశానన్నాను, అంతే." ఆయన మొహంలో సిగ్గుతో పాటే ఏదో వింత మెరుపు కూడా వచ్చింది. "తమాషా ఏంటంటే, నేను చెప్పిన మర్నాటి నుంచీ అందరికీ కనబడటం మొదలైంది! ఐసు ఫ్యాక్టరీవాడు వీపూ తోకా రెండూ చూశాడు. డీజిలు బంకువాడు మూడింటిని ఒకేసారి చూశాడు. లెక్కేసుకుంటే ఇప్పటికి పదకొండు మంది చూశారు. నీ తమ్ముడైతే మీసాలు కూడా లెక్కపెట్టాడట!"

"వాడి సంగతి తెలిసిందే కదా. గోరంత ఉంటే కొండంత చెప్తాడు."

"అందరూ అంతేనే. కానీ ఇప్పుడు ఆ అబద్ధమే నా పీక మీదకొచ్చింది. అన్ని చేపలుంటే ఇంకా ఎందుకు మూసిపెట్టాలి, తెరవమంటున్నారు. ఇవాళ హాల్లో చేతులెత్తించి తేల్చేస్తారు. ఉన్నాయని నేనంటే తెరిచేస్తారు. లేవంటే, ఇన్నాళ్ళూ అబద్ధమాడావా అని ఇంకా ముందే తెరిచేస్తారు. అసలు ఉన్నాయో లేవో నాకైనా తెలియాలి కదా అని నిన్న సాయంత్రం వల వేశాను. పొద్దున వెళ్ళేసరికి కాపలావాడు లాగేశాడు. ఖాళీగా వచ్చిందట."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వలలక్కకి ఆ ముసలాయన మీద కోపమొచ్చింది, జాలేసింది, మళ్ళీ కోపమొచ్చింది. చివరికి కోపమే గెలిచింది.

"అయితే ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"ఆ ఆకుపచ్చ అంచు కోసెయ్. కంత మామూలు చిరుగులా అయిపోతుంది. ఎవరిదో గుర్తుపట్టలేకపోయానను. ఒక్కసారికి. అనుమానం మీద ఎవరి పడవనీ ఒడ్డెక్కించరు. నీ తమ్ముడికీ ఏం కాదు, నా మాటా నిలబడుతుంది, మడుగూ..."

"అనుమానం మాత్రం వాడి మీద అలాగే ఉండిపోతుంది కదా! రేపు వాడి పిల్లలు బడికెళ్తే, దొంగ వలవాడి పిల్లలొచ్చారంటారు. అది మీకు పట్టదా?" ఆవిడ లేచి చెంగు దులుపుకుంది. "ఇరవై ఏళ్ళలో నా నోటి వెంట ఒక్క తప్పు మాట రాలేదు. ఆ ఒక్కటీ మీ కోసం రావాలా?"

"నాకోసం కాదే..."

ఆవిడ వినిపించుకోలేదు. దుప్పటి మీది పుంజుని ఒక్క అదిలింపు అదిలించి బయటికి నడిచింది.

నడిచిందే గానీ, షెడ్డులోకి రాగానే మళ్ళీ వల ముందు కూలబడింది. నిజం చెప్పాలంటే, తిట్టినంత సులువు కాదు మిగిలింది. నాలుగింటికి హాల్లో నిలబడి "మా మావయ్యది" అంటే ఆయన పరువు గంగలో కలుస్తుంది, మడుగు తెరుచుకుంటుంది. ఒకవేళ ఒక్క జంట ఎక్కడైనా మిగిలి ఉంటే రేపటికి అది కూడా పోతుంది. చెప్పకపోతే తమ్ముడి నెత్తి మీద మచ్చ. ఎటు చూసినా తన వాళ్ళే.

గోడకి వేలాడే చిన్న కత్తి వైపు చూసింది. చూడనట్టు తల తిప్పుకుంది. మళ్ళీ చూసింది. ఆఖరికి లేచి ఆ కత్తి తీసింది! తప్పో ఒప్పో తర్వాత చూసుకుందాం, ముందు ఈ అంచు కోసేద్దాం, హాల్లో ఏం చెప్పాలో హాల్లో ఆలోచిద్దాం అనుకుంది. కంతని వేళ్ళతో సాగదీసి పట్టుకుంది. కత్తి మొన ఆకుపచ్చ దారం కింద దూర్చింది.

ఏదో గట్టిగా తగిలింది.

గోరు విరిగిందేమో అనుకుని వేలు చూసుకుంది. లేదు. దారం రెండు కుట్ల మధ్య ఏదో ఇరుక్కుని ఉంది, కందిగింజంత. గోటితో మెల్లగా గీకి తీసి అరచేతిలో వేసుకుంది. తడి తుడిచి గుమ్మంలోకి వచ్చి ఎండకి పట్టింది.

పొలుసు! పసుపుపచ్చగా, ఎండలో తళుక్కుమంది.

కోళ్ళకి చేప పొలుసులుండవు కదా! వలలక్క కత్తి ఎక్కడ పడేసిందో ఆవిడకే గుర్తులేదు. వల చుట్టచుట్టి చంకలో ఇరికించుకుని, పొలుసు గుప్పిట్లో బిగించి, ఐసు ఫ్యాక్టరీ మేడ మీదికి మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. యాభై దాటిన మోకాళ్ళకి ఆ మెట్లంటే రోజూ పేచీయే. ఆవేళ అవి కిక్కురుమనలేదు.

మేడ మీది గదిలో లెక్కలావిడ ఉంటుంది. చేపల శాఖ వాళ్ళు పంపిన పాతికేళ్ళ అమ్మాయి. నదిలో ఏ చేపలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం ఆమె పని కాబట్టి రేవు వాళ్ళు ఆ పేరు పెట్టేశారు. గది నిండా సీసాలు, తడి బూట్లు, కిటికీ పక్కన మైక్రోస్కోపు. మడుగు దగ్గర ఊడిపోయిన ఎర్ర బోర్డు ఆమె పెట్టించిందే. ఆ సంగతి తలుచుకుని ఇప్పటికీ నవ్వుతుంది. "చేపల మీద పరీక్షలు రాశాను గానీ, మనుషుల మీద రాయలేదక్కా" అంటుంది.

"తల్లీ, ఇది చూడు! ముందు చూడు, తర్వాత అడుగు!"

లెక్కలావిడ పొలుసుని గాజు పలక మీద పెట్టి, కన్ను ఆనించి, చిన్న చక్రం అటూ ఇటూ తిప్పింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. కింద ఐసు కొట్టే మెషీను దడదడలాడుతోంది.

"ఎక్కడిది అక్కా ఇది?" ఆ పిల్ల మైక్రోస్కోపు మీంచి కన్ను తీయకుండానే అడిగింది.

"దొంగ వలలోది. మడుగులోది. ఏంటో చెప్పవేం?"

"పసిడిరెక్క. సందేహమే లేదు. ఇలా రండి, మీరూ చూడండి. గీతలు కనబడుతున్నాయా, ఒకదాని చుట్టూ ఒకటి? ఏడాదికొకసారి ఎదుగుదల ఆగి మళ్ళీ మొదలవుతుంది, అప్పుడొక ముదురు గీత పడుతుంది. ముదురు గీతలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి."

వలలక్క ఒక కన్ను మూసి, ఒక కన్ను పెట్టి చూసింది. వల కన్నులు లెక్కపెట్టిన చూపు అది, తప్పు పోదు. "ఒకటి... రెండు. రెండే."

"రెండే! అంటే దానికి రెండేళ్ళు దాటి మూడు నిండలేదు. మడుగు మూసి ఎన్నాళ్ళయింది?"

"నాలుగేళ్ళు..." అని, ఆవిడ ఉన్నట్టుండి ఆగిపోయింది. "అంటే... ఇది పుట్టింది..."

"మూసిన తర్వాతే! దీనికి లోతు నీళ్ళు కావాలి, ఈ నదిలో అంత లోతు ఇంకెక్కడా లేదు. మడుగులోనే పుట్టింది, మడుగులోనే పెరిగింది. వాటికి పిల్లలు పుట్టాయి అక్కా! పుట్టాయి!"

ఆ ఇద్దరూ చేసిన అల్లరి చూడాలి! లెక్కలావిడ వలలక్కని చుట్టేసుకుని గిరగిరా తిప్పేసింది. ఒక సీసా కిందపడి పగిలింది. "పోతే పోనీ" అంది ఆ పిల్ల. కింద నుంచి ఐసు ఫ్యాక్టరీవాడు "ఏంటమ్మా పైన, భూకంపమా?" అని అరిచాడు. వలలక్క కళ్ళు తుడుచుకుంది. ఇంట్లో కూర్చుని కుమిలిపోతున్న ఆ ముసలాయన ఆడిన అబద్ధం, ఆయనకి కూడా తెలియకుండా నిజమైపోయింది!

"ఇది హాల్లో చూపిద్దాం తల్లీ. పుట్టడం మొదలైంది, ఇప్పుడు తెరిస్తే ఇవి కూడా పోతాయని నువ్వు చెప్పు."

"చెప్తాను. అన్నట్టు, మీ హాల్లో గోడ మీద పసిడిరెక్క బొమ్మ ఉందే, అది గీసినాయన చేపని జన్మలో చూసుండడు. దాన్ని కూడా సరిచేయించాలి." అని, బూట్లు వెతుక్కుంటూ ఆగింది. "అక్కా, పొలుసు మనమే తెచ్చి పెట్టామంటారేమో? ఇంతకీ వల ఎవరిది?"

వలలక్క వల చుట్టని మళ్ళీ చంకలో ఇరికించుకుంది.

"అది హాల్లో చెప్తాను," అంది.

నాలుగింటికి హాలు కిటకిటలాడిపోయింది. ఫ్యాను తిరుగుతున్నా గాలి లేదు. ఎదురుగోడ మీద సంఘం వాళ్ళు గీయించుకున్న నిలువెత్తు పసిడిరెక్క, రెండు మీసాలు అటూ ఇటూ మెలేసుకుని, పెళ్ళికొడుకులా ఉంది. దాని కింద బల్ల, బల్ల మీద చుట్టిన వల. వరస కుర్చీల్లో ముందు తూటా, మొహం ఎర్రగా చేసుకుని. పెద్ద కుర్చీలో సరంగు మావయ్య కూర్చుని, కోడలి వైపు చూడకుండా బల్ల అంచు వైపే చూస్తున్నారు.

తగువు నడిపించేది కాపలాదారు. మాట చెప్పడం అయిపోయాక "ఇంకేమైనా చెప్పాలా?" అని మూడుసార్లు అడగడం, మూడోసారికి జవాబు రాకపోతే తగువు ముగిసినట్టు బల్ల మీద చరచడం అక్కడి రివాజు. ఒకసారి చరిచాక ఆ విషయం మళ్ళీ ఎత్తకూడదు.

"వల ఎవరిదో చెప్పు వలలక్కా."

ఆవిడ వల విప్పి రెండు చేతులతో పైకెత్తింది. నడిమధ్యలో ఆకుపచ్చ అంచుతో గుండ్రటి కంత. కంతలోంచి అవతల ఫ్యాను కనబడుతోంది.

"ఇది మా ఇంటి వల. మా కోళ్ళగూటి మీదది. ఈ కంత గుడ్లు తీసుకోవడానికి నేనే కుట్టాను."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత హాలంతా గొల్లుమంది. తూటా కుర్చీలోంచి లేచాడు. "అక్కా! నువ్వు..."

"ఆవిడ కాదు." పెద్ద కుర్చీ కిర్రుమంది. సరంగు మావయ్య లేచి నిలబడ్డారు. "అది పట్టుకెళ్ళి మడుగులో వేసింది నేను."

నవ్వు ఠక్కున ఆగిపోయింది. ఆయన ఒక్కసారి కోడలి వైపు చూశారు. వలలక్క తల ఊపింది. అంతే, ఆయన మొత్తం చెప్పేశారు. మూడేళ్ళుగా ఏమీ చూడలేదని, చూశానని అబద్ధమాడానని, భయమేసి వల వేశానని. ఒక్క ముక్క దాచుకోలేదు.

హాలు భగ్గుమంది. "మోసం!" "మూడేళ్ళు మా కడుపులు కొట్టాడు!" "ఇప్పుడే తెరవండి!" అందరికంటే గట్టిగా ఐసు ఫ్యాక్టరీవాడు అరుస్తున్నాడు. లెక్కలావిడ లేచి పొలుసు చూపించి, గీతల సంగతి చెప్పి, రెండేళ్ళ చేప అని వివరిస్తుంటే, "అబద్ధాలాడే మనిషి పొలుసు మాత్రం పెట్టలేడా?" అన్నాడు. అవునవునన్నాయి నలభై గొంతులు.

వలలక్కకి చిర్రెత్తుకొచ్చింది. వల బల్ల మీద విసిరికొట్టి ముందుకొచ్చింది.

"యాభై ఏళ్ళకి ముందే మాయమైపోయిన చేప పొలుసు మా మావయ్య ఎక్కడి నుంచి తెస్తారు, గాజుల పెట్టెలో దాచుకున్నారా? ఈ కంతలోంచి దూరి పారిపోతూ నా కుట్టులో వదిలేసి వెళ్ళింది! సరే, మా మావయ్య అబద్ధమాడారు. ఒప్పుకుంటున్నాం. ఐసు ఫ్యాక్టరీ అన్నా, నువ్వు తోక చూశానన్నావు. ఎప్పుడు చూశావు? ఏ పక్క? పిల్లల మీద ఒట్టేసి చెప్పు."

అతను తల గోక్కున్నాడు. పక్కవాడి వైపు చూశాడు. పక్కవాడు చప్పున నేల చూపులు చూశాడు.

"అంటే... అందరూ చూశామంటుంటే..." చెవులు ఎర్రబడ్డాయి. "చూడలేదమ్మా."

"డీజిలు బంకు బాబాయ్, మూడింటిని చూశావట?"

"ఒక్కదాన్నీ చూడలేదే తల్లీ."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ అడగకముందే ఒక్కొక్కళ్ళూ లేస్తున్నారు. "నేనూ చూడలేదు." "నేను మా ఆవిడ దగ్గర గొప్పకోసం చెప్పాను." "నేను చూసింది మొసలేమో." "నేను చూసింది తాటి దుంగ!" పది మంది లేచారు. తిలా పాపం తలా పిడికెడు! పదో వాడు లేచేసరికి హాల్లో మళ్ళీ నవ్వు మొదలైంది, ఈసారి ఎవరి మీద వాళ్ళకే. సరంగు మావయ్య కూడా తల వంచుకుని నవ్వుతున్నారు, కళ్ళలో నీళ్ళతో.

వలలక్క చెయ్యెత్తింది.

"మనలో ఎవరూ చూడలేదు. చూడని చేప కోసమే అరవై పడవలు నాలుగేళ్ళు చుట్టు తిరిగి వెళ్ళాయి. దాన్ని అలా వదిలేశాం కాబట్టే పిల్లల్ని పెట్టింది. ఇప్పుడు నిజంగా ఉందని చేతిలో పొలుసు పెట్టుకుని, దాన్ని తినేద్దామా? ఇంకో మూడేళ్ళు ఆగుదామా? మీ ఇష్టం. ఎత్తండి చేతులు, ఆగుదామనేవాళ్ళు!"

ఒక చెయ్యి లేచింది. అది ఐసు ఫ్యాక్టరీవాడిది! తర్వాత పది, తర్వాత లెక్క తెలియనన్ని. లెక్కలావిడ చప్పట్లు కొట్టేసింది. వలలక్క ఒళ్ళు పులకరించింది. మడుగు నిలిచింది, తమ్ముడు బయటపడ్డాడు, మావయ్య తలెత్తుకున్నారు. ఒక్క సాయంత్రానికి మనిషికి ఇంకేం కావాలి?

"ఆగండి!" తూటా కుర్చీ ఎక్కాడు. పొద్దుట్నించీ పడ్డ మాటలన్నీ వాడి గొంతులో బుసకొడుతున్నాయి. "అందరూ కలిసి నన్ను కూడా మీ అబద్ధాల మూటలో కట్టేస్తున్నారు! మీరు చూడలేదేమో. నేను చూశాను! మీసాలు లెక్కపెట్టాను కూడా!"

"ఎన్నిరా?" ఎవరో వెనక నుంచి ఆటపట్టించారు.

"నాలుగు!"

పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు జనం. అందరి వేళ్ళూ గోడ మీది బొమ్మ వైపు. "ఒరే, కళ్ళెదుట రెండే కనబడుతున్నాయి కదరా! అబద్ధంలో కూడా నీకు డబులేనా?" "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!" వలలక్క కూడా నవ్వింది. కొండంతలు చెప్పడం వీడు ఎప్పుడు మానతాడో అనుకుంది.

అనుకుంటూ పెద్ద కుర్చీ వైపు చూసింది. మావయ్య నవ్వడం లేదు. చిన్నప్పుడు ఆ చేపల్ని చేతులతో పట్టిన మనిషి ఆ హాల్లో ఆయనొక్కరే. ఆయన మొహం పాలిపోయి ఉంది.

లెక్కలావిడ వలలక్క మోచెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. చెవి దగ్గరకొచ్చి చెప్పింది.

"అక్కా, బొమ్మే తప్పు. దానికి నిజంగానే నాలుగు మీసాలు. రెండు చిన్నవి కింది పెదవి మడతలో ఉంటాయి. నీళ్ళలో ఉన్న చేపకి అవి కనబడనే కనబడవు. చేతిలోకి తీసుకుని, నోరు తెరిచి చూస్తేనే."

హాలు ఇంకా నవ్వుతూనే ఉంది. కుర్చీ మీద నిలబడ్డ తూటా అక్క వైపు చూశాడు. మావయ్య మొహం చూశాడు, లెక్కలావిడ చెయ్యి చూశాడు, మళ్ళీ అక్కని చూశాడు. వాడి మొహంలో కోపమంతా దిగిపోయింది. చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టి, అక్క ఎవరికీ చెప్పకుండా ఉంటే బాగుండునని చూసేవాడే, అచ్చం ఆ చూపు. ఎన్నిసార్లు చెప్పకుండా ఊరుకుందో ఆవిడకి లెక్కలేదు.

కాపలాదారు గొంతు సవరించుకున్నాడు.

"సరే, వల సంగతి తేలింది. వలలక్కా, ఇంకేమైనా చెప్పాలా?"

ఆవిడ తమ్ముడి వైపే చూస్తోంది.

"ఇంకేమైనా చెప్పాలా?"

తూటా మెల్లగా కుర్చీ దిగాడు.

కాపలాదారు బల్ల మీద చరచడానికి చెయ్యి పైకెత్తి, మూడోసారి అడిగాడు. వలలక్క గుప్పిట్లో పొలుసు గుచ్చుకుంటోంది.

"చెప్పాలి," అంది.